కరాటే నేర్చుకున్నవాళ్ళు నేర్పేవాళ్ళు కావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై పెరంబూరులో ఒక మేడ మీద, రేకుల షెడ్డు కింద, వారానికి నాలుగు సాయంత్రాలు కరాటే నేర్పుతాను. పగలు ఒక ఆడిటర్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. పదమూడో ఏట తెల్ల బెల్టు కట్టుకున్నాను, ఇప్పుడు నలభై ఆరేళ్ళు. మా క్లాసులో సగానికి పైగా తెలుగు ఇళ్ళ పిల్లలే. వాళ్ళలో ముందు చేరినవాళ్ళు కాలేజీకి వచ్చారు, బ్లాక్ బెల్టులు తెచ్చుకున్నారు, ఇప్పుడు "మేమూ నేర్పవచ్చా?" అని అడుగుతున్నారు. వాళ్ళూ వాళ్ళ అమ్మానాన్నలూ నన్ను మెట్ల మీద ఆపి అడిగిన ప్రశ్నలే ఇవన్నీ. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అన్నారు కానీ, చెప్పే నాకు మోకాళ్ళ నొప్పి కూడా ఉంది. అందుకే ఒకసారి కూర్చుని రాసి పెట్టాను.

బ్లాక్ బెల్టు వచ్చింది. ఇక మాస్టర్‌ని అయినట్టేనా?

కాలేదు. మొదటి బ్లాక్ బెల్టును జపాన్ భాషలో షోడాన్ అంటారు. 'షో' అంటే ఆరంభం. మన లెక్కలో చెప్పాలంటే ఓనమాలు, గుణింతాలు, ఒత్తులు అయిపోయాయి, ఇక వాక్యం చదవడం మొదలుపెట్టవచ్చు అని. గుణింతాలు వచ్చిన పిల్లవాడికి ఎవరూ బడి అప్పగించరు.

డాన్ అంటే బ్లాక్ బెల్టులోని మెట్టు. ఈ డాన్ పద్ధతి కరాటేలో పుట్టింది కూడా కాదు. జూడో స్థాపించిన జిగోరో కానో 1883లో తన శిష్యులు ఇద్దరికి తొలిసారి డాన్ ఇచ్చాడు. కరాటే గురువు గిచిన్ ఫునకోషి దాన్ని 1924లో కరాటేలోకి తెచ్చాడు. 1949లో ఏర్పడిన జపాన్ కరాటే అసోసియేషన్ 1956లో శిక్షకుల కోసమే విడిగా ఒక కోర్సు మొదలుపెట్టింది. అప్పటికే బ్లాక్ బెల్టు ఉన్నవాళ్ళను మళ్ళీ కూర్చోబెట్టి నేర్పడం నేర్పించారన్నమాట. ఇప్పటికీ అక్కడ డాన్ వేరు, శిక్షకుడి అర్హత వేరు, బెల్టు పరీక్ష పెట్టేవాడి అర్హత వేరు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా పిల్లల ముఖాలు వాడిపోతాయి. నా ముఖమూ ఒకప్పుడు అలాగే వాడిపోయింది.

మొత్తం ఎన్నేళ్ళు పడుతుంది?

తెల్ల బెల్టు నుంచి బ్లాక్ బెల్టు వరకు ఉండే మెట్లను క్యూ అంటారు. అంకె పెద్దది నుంచి చిన్నదానికి దిగుతుంది. చాలా సంస్థల్లో పదితో మొదలై ఒకటితో ముగుస్తుంది. రంగుల వరస ఒక్కో సంస్థలో ఒక్కో రకం, దాని గురించి వాదించుకోకండి. వారానికి మూడు రోజులు మానకుండా వస్తే నాలుగైదేళ్ళలో షోడాన్ పరీక్షకు కూర్చోవచ్చు. ఆ తర్వాత రెండో డాన్‌కు కనీసం రెండేళ్ళు, మూడో డాన్‌కు మరో మూడేళ్ళు ఆగమనేది చాలాచోట్ల ఉన్న నియమం. నాకు షోడాన్‌కే ఏడేళ్ళు పట్టింది. ఇంటర్ పరీక్షలు, నాన్నగారి అనారోగ్యం, ఒకసారి చీలమండ బెణుకు అడ్డం వచ్చాయి.

ఏడాదిన్నరలో బ్లాక్ బెల్టు గ్యారంటీ అని నోటీసు కనిపిస్తే మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేయండి.

సహాయకుడిగా మొదటి రోజు ఏమి చేయాలి?

ఎక్కువ మాట్లాడకపోతే చాలు. నా మొదటి రోజు సంగతి చెబుతాను. నాది అప్పుడు బ్రౌన్ బెల్టు. మా మాస్టారు పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో వెల్డరు. షిఫ్టు దిగి, కళ్ళు ఎర్రగా పెట్టుకుని వచ్చేవారు. ఆ రోజు ఆరుగురు పిల్లలను నాకు అప్పగించి మూలన స్టూలు మీద కూర్చున్నారు. ముందు గుద్దు ఎలా వేయాలో, నడుము ఎందుకు తిప్పాలో, మోచెయ్యి పక్కటెముకలను ఎందుకు ఒరుసుకుంటూ వెళ్ళాలో గంటసేపు అద్భుతంగా చెప్పాననుకున్నాను. క్లాసు అయ్యాక ఆయన ఒక్కటే అడిగారు: "నీ నోరు ఎంతసేపు పనిచేసింది, వాళ్ళ చేతులు ఎంతసేపు పనిచేశాయి?" లెక్క వేస్తే ఒక్కొక్కరు ముప్పై గుద్దులు కూడా వేయలేదు. నా కంఠం మాత్రం పోయింది.

రెండో సంగతి కుడి ఎడమలు. పిల్లలకు ఎదురుగా నిలబడ్డప్పుడు వాళ్ళు మిమ్మల్ని అద్దంలా చూసి చేస్తారు. "కుడి కాలు" అని నోటితో చెబుతూ మీ ఎడమ కాలు ముందుకు వేయాలి. వినడానికి తేలికే. ఏళ్ళ తరబడి కుడి అంటే కుడే అని అలవాటుపడిన ఒళ్ళు ఒక్కసారిగా మాట వినదు. నేను ఇంట్లో బీరువా అద్దం ముందు నిలబడి నెల రోజులు సాధన చేశాను. మా అమ్మ దాన్ని ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్విస్తుంది.

మూడోది, ఐదేళ్ళ పిల్లవాడికి బెల్టు కట్టడం. ఎదురుగా కూర్చుని కడితే ముడి తిరగబడుతుంది. వాడి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు ముందుకు చాచి, మీకు మీరు కట్టుకున్నట్టే కట్టండి. రెండు కొసలూ సమానంగా వేలాడాలి. ముడి బిగిసేటప్పుడు వాడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగుతాడు. వదిలాక రెండు నిమిషాల్లో బెల్టు జారిపోతుంది. ఊపిరి వదిలేదాకా ఆగి అప్పుడు బిగించండి.

నేర్పడం మొదలుపెడితే నా సొంత సాధన దెబ్బతింటుందా?

తింటుంది. ఎవరైనా తినదంటే నమ్మకండి. నేర్పే గంటన్నరలో మీరు నడుస్తారు, వంగుతారు, అరుస్తారు, కానీ సాధన చేయరు. రెండేళ్ళు గడిచేసరికి నా కాలు ఛాతీ ఎత్తు దాటడం మానేసింది. అద్దంలో చూసి కాదు, ఒక పిల్ల "అక్కా, మీ కాలు మా అంతే లేస్తోంది" అంటే తెలిసింది. అప్పటినుంచి ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు మెరీనా ఇసుకలో నా కోసం నేను చేసుకుంటున్నాను. ఇసుకలో పాదం కూరుకుపోతుంది కాబట్టి ప్రతి అడుగుకూ నడుము నుంచి బలం తీయాల్సి వస్తుంది. ఎండ ఎక్కకముందే ముగించాలి.

ఇంకొకటి, మీకంటే పైవాడి దగ్గర నేర్చుకోవడం మానకండి. వారానికి ఒక్కసారైనా ఎవరో ఒకరు మీ తప్పు పట్టుకోవాలి.

ఎన్నిసార్లు చెప్పినా ఒక పిల్లవాడు అదే తప్పు చేస్తున్నాడు. ఏమి చేయాలి?

చెప్పడం ఆపండి. చెబితే వచ్చేదైతే మొదటిసారికే వచ్చేది.

మా దగ్గర ఒక కుర్రవాడు జెంకుత్సు దాచి, అంటే ముందు మోకాలు వంచి వెనక కాలు చాచి నిలబడే భంగిమలో వెనక మడమ ఎత్తేవాడు. "మడమ దించు" అని నెల రోజులు అన్నాను. అన్నప్పుడు దించేవాడు, గుద్దు వేయగానే లేచేది. ఒకరోజు విసుగొచ్చి పాత దినపత్రిక ముక్క ఒకటి వాడి వెనక మడమ కింద పెట్టాను. "ఇది నేను లాగుతాను, రానివ్వకు" అన్నాను. వాడు గుద్దిన ప్రతిసారీ కాగితం కొస పట్టుకుని లాగాను. మొదట ఐదుసార్లు కాగితం నా చేతికి వచ్చింది. ఆరోసారి చిరిగి సగమే వచ్చింది. వాడు పకపకా నవ్వాడు. వారం తిరిగేసరికి మడమ నేలకు అంటుకుంది. ఇంతకీ వాడి అసలు ఇబ్బంది మడమ కాదు, పిక్క కండరం బిగుసుకుపోయి ఉంది. అది కాగితం లాగుతూ నేల మీద కూర్చుంటే కనిపించింది. నెల రోజులూ నిలబడి చెప్పిన నాకు కనిపించలేదు.

శిష్యుడిగా ఉన్నంతకాలం మన ఒళ్ళు మనకు తెలిస్తే చాలు. నేర్పేటప్పుడు ఎదుటివాళ్ళ ఒళ్ళు చదవాలి. ఇది ఏ బెల్టు పరీక్షలోనూ అడగరు. నేను బ్లాక్ బెల్టు పిల్లలను మళ్ళీ తెల్ల బెల్టు వరస పక్కన నిలబెట్టి, ఆరు నెలలు ఏమీ చెప్పకుండా చూడమనేది దీనికోసమే. చూసింది ఒక నోటు పుస్తకంలో రోజుకు మూడు వాక్యాలు రాయాలి. రాయనివాళ్ళకు క్లాసు ఇవ్వను.

కటా అంటే పిల్లలకు విసుగు. మానేసి ఫైటింగే నేర్పితే?

కటా అంటే ఊహలోని ప్రత్యర్థులతో వరసగా చేసే కదలికల కూర్పు. విసుగు నిజమే. కానీ అది ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని నేర్పే తీరు మారుతుంది.

ఒకినావా ద్వీపంలో కరాటే ఒకప్పుడు గురువు ఇంటి పెరట్లో ఇద్దరు ముగ్గురు శిష్యులతో గుట్టుగా సాగిన విద్య. 1901లో ఆంకో ఇతొసు అనే గురువు దాన్ని బడిలోకి తెచ్చాడు. పెద్దల కటాలు పిల్లలకు అందవని ఐదు చిన్న కటాలు కూర్చాడు. వాటినే తర్వాత ఫునకోషి హెయాన్ అని పిలిచాడు. మా షెడ్డు కింద ఆరేళ్ళ పిల్ల మొదట నేర్చుకునే హెయాన్ షోడాన్, 21 కదలికలది, వాటిలో ఒకటి. ఇక్కడ షోడాన్ బెల్టు కాదు, కటా పేరు. 1922లో టోక్యో వెళ్ళి కరాటేను ప్రదర్శించిన ఫునకోషి స్వతహాగా బడిపంతులు. డాన్ పద్ధతి పెట్టిన కానో టోక్యోలో ఉపాధ్యాయులను తయారుచేసే కళాశాలకు ప్రధానాచార్యుడు. అంటే మనం యుద్ధవిద్య అని గొప్పగా చెప్పుకునే దాని ఇప్పటి రూపమంతా పంతుళ్ళ చేతి పని. వరసలు, లెక్కబెట్టడం, మెట్లుమెట్లుగా పరీక్షలు, అన్నింటికీ సుద్దముక్క వాసన ఉంది.

కాబట్టి కటా విసుగు పుట్టిస్తోందంటే తప్పు కటాది కాదు, మీది. మూడు కదలికలు తీసుకోండి. ఒకరు చెయ్యి పట్టుకుంటే రెండోవాళ్ళు ఆ కదలికతో విడిపించుకోవాలి. అప్పుడు మిగతా పద్దెనిమిది ఎప్పుడు చెబుతావని వాళ్ళే వెంటపడతారు.

ఏ సర్టిఫికెట్టు ఉండాలి?

మేడ మీద సొంత క్లాసు పెట్టుకోవడానికి మీ సంస్థ ఇచ్చిన డాన్ పత్రం, మీ గురువు అనుమతి చాలు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరాలంటే బీపీఈడీ వంటి డిగ్రీ కావాలి. మన ఊళ్ళోనే నందనంలో హ్యారీ బక్ 1920లో నెలకొల్పిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల ఉంది. కోచ్‌గా స్థిరపడాలనుకుంటే పటియాలాలో 1961లో వెలసిన జాతీయ క్రీడా సంస్థ ఏడాది డిప్లొమా ఇస్తుంది. జూడో, బాక్సింగ్, కుస్తీ వంటివాటికి అది గట్టి చదువు. ఆరు వారాల చిన్న కోర్సు కూడా ఉంది. దాని దక్షిణ కేంద్రం బెంగళూరులో ఉంది.

ఇక ఒక సొంత కడుపుమంట. ఒకప్పుడు ఒక సంస్థవాళ్ళు "జాతీయ స్థాయి శిక్షకుల శిబిరం" అంటే డబ్బు కట్టి వెళ్ళాను. పొద్దున రెండు గంటలు ఎండలో నిలబెట్టారు, మధ్యాహ్నం పెరుగన్నం పెట్టారు, సాయంత్రం బంగారు అంచు పత్రం ఇచ్చారు. నా పేరులో ఒక అక్షరం తప్పు. దిద్దమంటే మళ్ళీ రుసుము అడిగారు. ఆ పత్రం ఇప్పుడు మా ఇంట్లో గ్యాస్ బిల్లుల అడుగున ఉంది. ఎవరైనా మీకు పత్రం ఇస్తామంటే ముందు ఎవరు పరీక్షిస్తారు, ఏమి పరీక్షిస్తారు, తప్పితే ఏమవుతుంది అని అడగండి. తప్పడం అనేదే లేదంటే అది పరీక్ష కాదు.

చిన్నపిల్లలతో ఏమి చేయించకూడదు?

పిడికిళ్ళ మీద దండీలు, పలకలు పగలగొట్టడం, వీపు మీద ఎక్కి కాళ్ళు చీల్చడం. పిల్లల ఎముకల కొసల్లో ఎదుగుదల జరిగే మెత్తటి భాగం ఉంటుంది. దెబ్బ తగిలితే ఎముక పొడవే తేడా రావచ్చు. మా కాలంలో ఇవన్నీ చేయించారు, మేం బాగానే ఉన్నాం కదా అంటారు కొందరు. బాగా లేనివాళ్ళు క్లాసు మానేసి వెళ్ళిపోయారు కాబట్టి వాళ్ళు మాట్లాడటం లేదు.

తలకు దెబ్బ తగిలి తల తిరిగిందన్నా, వాంతి వచ్చిందన్నా, ఒక్క క్షణం తికమకపడినా ఆ రోజుకు ఆ బిడ్డ ఆట అయిపోయింది. డాక్టరు చూసి సరేననేదాకా మళ్ళీ దింపవద్దు. పోటీ ఫైనల్ అయినా సరే. మే నెలలో చెన్నై ఉక్కలో అరగంటకు ఒకసారి ఆపి నీళ్ళు తాగించండి. నీళ్ళు తాగితే మెత్తబడిపోతారనే మూఢనమ్మకం ఇంకా కొన్ని డోజోల్లో, అంటే కరాటే శిక్షణశాలల్లో, బతికే ఉంది. ప్రథమ చికిత్స శిక్షణ తీసుకోండి, 108 నంబరు గోడ మీద రాసి పెట్టండి.

పిల్లలను ముట్టుకుని దిద్దవచ్చా?

ముందు చూపించండి, తర్వాత కర్రతోనో కాగితంతోనో చోటు చూపండి, అప్పటికీ కుదరకపోతే "మోచెయ్యి పట్టుకుంటాను, సరేనా?" అని అడగండి. ఆడపిల్ల అయినా మగపిల్లవాడు అయినా, మీరు ఆడవారైనా మగవారైనా ఇదే పద్ధతి. వద్దంటే వద్దు. తలుపులు తెరిచి ఉండాలి, తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చినా కూర్చునే వీలుండాలి. ఒక్క బిడ్డతో ఒంటరిగా క్లాసు వద్దు.

2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనిపించినా పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసి చెప్పకపోతే శిక్ష ఉంది. "మన మాస్టరే కదా, పరువు పోతుంది" అని కప్పిపుచ్చే సంస్థలో నేర్పకండి, నేర్చుకోకండి. పిల్లల సహాయవాణి 1098.

దీంతో బతకవచ్చా?

నా లెక్కే చూడండి. ముప్పై మంది పిల్లలు, నెలకు 800 చొప్పున 24,000. మేడకు అద్దె 7,000 పోతుంది. మార్చిలో పరీక్షలని సగం మంది రారు, మేలో ఊళ్ళకు వెళ్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. రేకుల మీద పడే మోతకు నా కేక నాకే వినిపించదు. జీతం వచ్చే ఉద్యోగం వదలవద్దని అందుకే అంటాను. బడుల్లో వారానికి రెండు పీరియడ్లు కుదిరితే కొంత నిలకడ ఉంటుంది. బెల్టు పరీక్షల రుసుముతో బతకాలని మాత్రం చూడకండి. అలా చూస్తే మీలోంచి నెల నెలా పరీక్షలు పెట్టే మాస్టర్ తయారవుతాడు.

తమిళం సరిగా రాదు. చెన్నైలో నేర్పగలనా?

క్లాసులో లెక్క జపాన్ భాషలో: ఇచి, ని, సాన్, షి, గో. దెబ్బల పేర్లూ అంతే. కావలసిన తమిళం ఇరవై మాటలు, వాటిలో మొదటివి వలదు, ఇడదు, అంటే కుడి, ఎడమ. మిగతావి పిల్లలే నేర్పుతారు, ఉచ్చారణకు నవ్వుతూ.

కర్రసాము, సిలంబం ఉండగా జపాన్ విద్య ఎందుకు?

నేను పుట్టిన వీధిలో కరాటే క్లాసు ఉంది, కర్రసాము లేదు. అంతకు మించి సిద్ధాంతం లేదు. మీ దగ్గర తమిళుల కర్రసాము సిలంబం నేర్పే ఆసాన్, అంటే గురువు, ఎవరైనా ఉంటే తప్పకుండా వెళ్ళండి. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన ఖేలో ఇండియా యువ క్రీడల్లో సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా పెట్టారు. పిల్లలు ఇప్పుడు దాన్ని అడిగి మరీ నేర్చుకుంటున్నారు. మనిషి ఎత్తు కర్ర తిప్పినవాళ్ళకు దూరం అంచనా వేయడం మాకంటే బాగా వస్తుంది.

సందర్భం వచ్చింది కాబట్టి: గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్నాడని మనం కథలుగా చెప్పుకునే కోడి రామమూర్తి నాయుడు సర్కసు కంటే ముందు వ్యాయామ ఉపాధ్యాయుడు. ఈ మద్రాసులోనే, సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగి వెళ్ళి, తాను చదివిన బడిలోనే చేరాడు. అంతటి బలశాలి కూడా నేర్పడానికి విడిగా చదువుకున్నాడు.

కరాటే ఒలింపిక్స్‌లో ఉందా?

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఉంది, 2024 పారిస్‌లో లేదు. మీ క్లాసు నోటీసులో ఒలింపిక్ వలయాలు వేయకండి.

గురువును వదిలి సొంత క్లాసు పెట్టుకుంటే ద్రోహమా?

చెప్పకుండా పెట్టుకుంటే అవును. నేను ఆ పనే చేశాను. మాస్టారికి ఎలా చెప్పాలో తెలియక నాలుగు నెలలు దాచి, నోటీసు అచ్చు వేయించాను. అచ్చు వేసినతను ఆయనకు తోటి కార్మికుడి తమ్ముడు. నోటీసు నాకంటే ముందు ఆయన చేతికి వెళ్ళింది. ఆదివారం క్లాసు అయ్యాక జేబులోంచి తీసి నా ముందు పెట్టారు. నేను ఏడవడానికి సిద్ధమయ్యాను. ఆయన సమయం రాసిన చోట వేలు పెట్టి, "మంగళవారం ఆరింటికి అని వేశావు. ఆ వేళకు నువ్వు నా దగ్గర నేర్చుకోవాలి కదమ్మా. ఏడున్నర అని మార్చు" అన్నారు. ఐదు వందల నోటీసుల్లో పెన్నుతో దిద్దాను. మా మంగళవారం క్లాసు నేటికీ ఏడున్నరకే.

మర్యాద ఏమిటంటే, ముందు చెప్పండి, ఆయన క్లాసు ఉన్న వీధిలో పెట్టకండి, ఆయన పిల్లలను పిలవకండి. వాళ్ళంతట వాళ్ళు వచ్చినా ఆయనతో మాట్లాడాకే చేర్చుకోండి.

ఒకరోజు వచ్చి క్లాసు చూడవచ్చా?

రండి, ముందుగా చెప్పనక్కర లేదు. నేర్పాలనే ఆలోచన ఉంటే వెనక వరస పక్కన కూర్చోండి, ముందు వరస బాగా చేసేవాళ్ళది. నోటు పుస్తకం, నీళ్ళ సీసా తెచ్చుకోండి. చెప్పులు మెట్ల కింద వదలకండి, ఆ ఇంటి కుక్కపిల్లకు ఎడమ కాలి చెప్పంటే ప్రాణం.